చెయ్యి మొద్దుబారితే... నరాన్ని చూపించే స్కానింగు



రాత్రి రెండు గంటలప్పుడు చేతిలో తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, చెయ్యి విదిలించుకుంటూ కూర్చున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు మగ్గం మీద పనిచేసేవాళ్ళను అడిగితే ఈ మాట ఇంటింటా వినిపిస్తుంది. "చెయ్యి మొద్దుబారిపోతా ఉంది సార్" అంటారు తెలుగువాళ్ళు. పక్కింటి తమిళులు "కై మరత్తుప్పోచ్చు" అంటారు. రెండు భాషలూ చెప్పుకునే ఉపాధ్యాయుణ్ణి కాబట్టి నాకో సంగతి తోస్తుంది. తెలుగులో మొద్దు అంటే కొయ్యదుంగ. తమిళంలో మరం అంటే చెట్టు, కొయ్య. స్పర్శ పోయిన చేతిని చూసి ఇద్దరికీ గుర్తొచ్చింది కొయ్యే. చెయ్యి ఉంది, కదులుతోంది, కానీ తనది కాదు అనిపించడం. అలా ఎందుకు అవుతుంది, దాని కారణం కనిపెట్టడానికి ఈ మధ్య వైద్యులు స్కానింగును ఎలా వాడుతున్నారు అన్నది ఈనాటి మన ప్రసంగం.

ముందుగా నా తప్పు ఒకటి మీతో చెప్పుకోవాలి. సుమారు పదిహేనేళ్ళ కిందటి మాట. సరిహద్దు పల్లెలో ఒక బడిలో ఎనిమిదో తరగతికి పాఠాలు చెబుతున్నాను. ఒక పిల్లవాడి చేతిరాత నెల నెలకూ చెడిపోతూ వచ్చింది. అక్షరాలు వంకరలు తిరిగేవి, కలం జారిపోయేది. "కోడి కెలికినట్టు ఏమిట్రా ఈ రాత, మనసెక్కడ పెట్టావు?" అని తరగతి అందరి ముందూ అన్నాను. వాడు తల వంచుకుని "వేలు రాదు సార్" అన్నాడు. సాకు అనుకున్నాను. మోచేతి దగ్గర నొప్పిగా ఉందని అంతకు ముందు ఒకటి రెండుసార్లు చెప్పాడు. ఆటలో దెబ్బ తగిలిందేమో అనుకుని వదిలేశాను.

మరుసటి ఏడు బడికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త వాడి భుజం మీద పాలిపోయిన మచ్చ చూశాడు. దూదితో తాకితే ఆ మచ్చ మీద తెలియలేదు. మోచేతి లోపలివైపు వేళ్ళతో తడిమి చూసి, నరం తాడులా లావెక్కింది అన్నాడు. కుష్ఠువ్యాధి. అప్పటికే చిటికెన వేలు, ఉంగరపు వేలు గోరు తిరిగినట్టు ముడుచుకుపోయాయి. మందులతో రోగం తగ్గింది. ముడుచుకున్న వేళ్ళు మాత్రం మందులతో తిరిగి రాలేదు. పాడైన చేతిరాత వాడి సోమరితనం కాదు, వాడి నరం చెబుతున్న మాట. ఆ మాట చదవడం గురువుగా నాకు చేతకాలేదు. ఇప్పుడు ఈ విషయం మీకు చెప్పాలనుకోవడానికి కారణం అదే.

ఇంతకీ నరం అంటే ఏమిటి? మన మాటల్లో ఇక్కడ ఒక తికమక ఉంది. చేతి మీద నీలంగా తేలి కనిపించేవాటిని నరాలు తేలాయి అంటాం. అవి నిజానికి రక్తాన్ని గుండెకు తీసుకుపోయే సిరలు. నాడి పట్టుకుని చూశాడు అంటాం. అక్కడ కొట్టుకునేది ధమని, అదీ రక్తనాళమే. మనం ఈరోజు చెప్పుకునే నరం ఇవి రెండూ కాదు. అందులో రక్తం పారదు, కబురు పారుతుంది. మెదడు నుంచి వెన్నుపాములోకి, అక్కడి నుంచి కొమ్మలుగా చీలి చేతి వేళ్ళ దాకా, కాలి వేళ్ళ దాకా పోయే తీగ అది. "వేలు మడువు" అన్న ఆజ్ఞ పైనుంచి కిందికి, "వేడిగా ఉంది" అన్న సమాచారం కింది నుంచి పైకి పోతుంటాయి.

మోచెయ్యి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమని కరెంటు కొట్టినట్టు అవుతుంది కదా? అక్కడ ఎముక మీద, చర్మానికి బాగా దగ్గరగా పోయే నరం నలగడం వల్ల అలా అవుతుంది. దాన్ని అల్నార్ నరం అంటారు. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది అదే. మా పిల్లవాడికి దెబ్బతిన్నదీ అదే. ఇక బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో మిగిలిన సగం మీడియన్ నరం పాలు. అది మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగంలో దూరి అరచేతిలోకి వస్తుంది. అడుగున, పక్కల చిన్న చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ. ఆ సందులోనే వేళ్ళను మడిచే తొమ్మిది కండరబంధనాలు కూడా పోవాలి. పండగనాటి తిరుత్తణి బస్సులా ఉంటుంది లోపల. కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది మెత్తగా ఉండే నరమే. రాత్రి వచ్చే తిమ్మిరికి చాలాసార్లు కారణం ఇదే. మణికట్టును పదే పదే తిప్పే పని చేసేవాళ్ళకు, గర్భిణులకు, మధుమేహం, థైరాయిడ్ లోపం, కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ.

నరం లోపల ఏం జరుగుతోందో వైద్యుడికి ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే పాతది, ఇప్పటికీ మొదటిది, చేత్తో చూడటం. స్పర్శ పరీక్షిస్తారు, కండరం బలం చూస్తారు, చర్మం కింద నరాన్ని వేళ్ళతో తడుముతారు. రెండోది కరెంటు పరీక్ష. నరానికి ఒకచోట చిన్న విద్యుత్ ఘాతం ఇచ్చి, మరోచోటికి కబురు ఎంత వేగంగా, ఎంత బలంగా చేరిందో కొలుస్తారు. నరం పని ఎలా ఉందో ఇది చెబుతుంది. అయితే ఎందుకు చెడింది అన్నదానికి జవాబు అన్నిసార్లూ దొరకదు. టెలిఫోను మోగడం లేదని తెలిసింది, తీగ తెగిందా, చెట్టుకొమ్మ మీద పడిందా, తడిసి ఉబ్బిందా అన్నది వెళ్ళి చూస్తే కదా తెలిసేది! అలా వెళ్ళి చూసే మూడో మార్గమే అల్ట్రాసౌండ్ స్కానింగు.

స్కానింగు అనగానే మనకు కడుపులో బిడ్డ గుర్తొస్తుంది. స్కానింగు కేంద్రం గోడ మీద, ఇక్కడ పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పబడదు అన్న బోర్డూ గుర్తొస్తుంది. 1994లో వచ్చిన చట్టం ప్రకారం పెట్టిన బోర్డు అది. ఆ జాతి యంత్రమే నరాన్ని కూడా చూస్తుంది. తేడా అల్లా చేత్తో పట్టుకుని ఒంటిమీద ఆనించే భాగంలో, అది పంపే శబ్దంలో ఉంటుంది.

మన చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వినగలదు. కడుపు స్కానింగులో వాడే శబ్దం సెకనుకు ముప్ఫై, యాభై లక్షల కంపనాలది. నరాల కోసం వాడేది అంతకంటే ఎక్కువ, కోటి నుంచి కోటీ ఎనభై లక్షల దాకా. ఈ శబ్దం శరీరంలో సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోయి, ఒక్కొక్క పొర దగ్గర కొంత కొంత ప్రతిధ్వనిగా తిరిగి వస్తుంది. లోయలో కేక వేస్తే కొండ ఎంత దూరమో ప్రతిధ్వని వచ్చే ఆలస్యాన్ని బట్టి లెక్క కట్టినట్టే, యంత్రం లెక్క కట్టి తెరమీద బొమ్మ గీస్తుంది. కంపనాలు పెరిగేకొద్దీ సన్నని వివరం దొరుకుతుంది, లోతుకు పోయే శక్తి తగ్గుతుంది. పెద్ద కన్నాల జల్లెడకూ పిండి జల్లెడకూ ఉన్న తేడా వంటిదనుకోండి. చేతి నరాలు చర్మానికి దగ్గరగానే ఉంటాయి కనుక లోతుకు పోకపోయినా నష్టం లేదు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు, సూది లేదు, కరెంటు లేదు. చర్మం మీద జిగురులాంటి ద్రవం రాసి యంత్రాన్ని మెల్లగా జరుపుతారు, అంతే.

1988లో బ్రూనో ఫోర్నాజ్ అనే వైద్యుడు చేతుల, కాళ్ళ నరాలు ఈ స్కానింగులో ఎలా కనిపిస్తాయో ఒక వైద్య పత్రికలో వివరించాడు. ఆ తర్వాత యంత్రాలు మెరుగుపడే కొద్దీ ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. తెరమీద నరం ఎలా ఉంటుందంటారా? అడ్డంగా చూస్తే తేనెపట్టు ముక్కలా ఉంటుంది. నల్లని చుక్కలు, వాటి చుట్టూ తెల్లని గీతలు. నల్లని చుక్కలు నరపు పోగుల కట్టలు, తెల్లవి వాటిని చుట్టి ఉన్న పొరలు. పొడుగ్గా చూస్తే మగ్గం మీద సాగదీసిన పడుగులా బారులు బారులుగా కనిపిస్తుంది. నేతగాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. పోగులు చిక్కుపడినా, ఉబ్బినా, తెగినా పడుగులో ఎలా తెలుస్తుందో ఇక్కడా అలాగే తెలుస్తుంది.

మా వీధిలో ఒక అక్క ఉంది. పాతికేళ్ళుగా కండెలు చుట్టే పని. కుడిచెయ్యి రాత్రుళ్ళు మొద్దుబారడం, పొద్దున చెంబు జారిపోవడం మొదలైంది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే వాళ్ళ తాతకు పెద్దరోగం ఉండేది. కుష్ఠును మనవాళ్ళు పెద్దరోగం అంటారు, తమిళులు పెరువియాది అంటారు. ఇక్కడా రెండు భాషలదీ ఒకే భయం. కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులు. బయటికి పొక్కితే పెళ్ళి ఆగిపోతుందని ఆ తల్లి నోరు కట్టుకుంది. చివరికి మా ఇంటావిడతో చెప్పుకుని ఏడ్చింది.

ఆమెను చెన్నైకి తీసుకువెళ్ళాం. కరెంటు పరీక్ష, స్కానింగు రెండూ చేశారు. మణికట్టు సొరంగంలోకి దూరబోయే ముందు మీడియన్ నరం ఉబ్బి ఉంది. కాలువకు అడ్డం పడితే ఎగువన నీళ్ళు నిలిచి గట్టు ఉబ్బుతుంది చూడండి, అలా. ఆ చోట నరాన్ని అడ్డుకోత చూసి వైశాల్యం కొలుస్తారు. మామూలుగా సుమారు 10 చదరపు మిల్లీమీటర్లకు లోపు ఉండాలి. ఆమెకు 14 వచ్చింది. "మచ్చ లేదు, మిగతా నరాలన్నీ మామూలుగా ఉన్నాయి, ఇది పని వల్ల వచ్చిన నొక్కుడు" అన్నాడు వైద్యుడు. తెరమీద ఆ ఉబ్బును వేలు పెట్టి చూపించాడు. ఆమె కళ్ళల్లోంచి ఆరు నెలల భయం దిగిపోవడం నేను చూశాను. రాత్రి మణికట్టు మడవకుండా పట్టీ కట్టుకోమన్నారు. అది చాలకపోతే ఇంజెక్షను, అదీ చాలకపోతే చిన్న ఆపరేషను అన్నారు. పట్టీతో, పని మధ్యలో విరామంతో ఆమెకు చాలావరకు నయమైంది.

ఇక నరాన్ని పట్టే పెద్దరోగం సంగతికి వద్దాం. మనకిది కొత్త కాదు. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది, తర్వాత చెంగల్పట్టు జిల్లాలో చేరింది, 1997లో తిరువళ్ళూరు జిల్లా అయింది. ఆ చెంగల్పట్టు దగ్గర తిరుమణిలో 1924లో కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. 1955 నుంచి అది కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థగా పనిచేస్తోంది. వేలూరు దగ్గర కరిగిరిలో మరో పెద్ద కేంద్రం ఉంది. ముడుచుకున్న వేళ్ళను కండరబంధనాలు మార్చి తిరిగి చాపించే ఆపరేషను వేలూరులో పాల్ బ్రాండ్ అనే వైద్యుడు 1940ల చివర్లో మొదలుపెట్టాడు. మా పిల్లవాడి వేళ్ళు తర్వాత కొంతవరకైనా చాచగలిగాయంటే అలాంటి ఆపరేషను వల్లే.

కుష్ఠు క్రిమికి చల్లని చోట్లంటే ఇష్టం. అందుకే చర్మాన్నీ, చర్మానికి దగ్గరగా పోయే నరాలనూ పడుతుంది. మోచేతి పైన అల్నార్ నరం, మోకాలి పక్కన, చీలమండ లోపలివైపు పోయే నరాలు దానికి అనువైన స్థలాలు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో క్రిమి చస్తుంది. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. 2005 చివరికి దేశంలో ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి తగ్గిందని ప్రకటించారు. తగ్గింది, పోలేదు. 2022లో కూడా మన దేశంలో లక్ష మందికి పైగా కొత్త రోగులు బయటపడ్డారు. ప్రపంచంలో బయటపడిన వాళ్ళలో సగానికి మించి మనవాళ్ళే.

ఇందులో ఉన్న మోసం ఏమిటంటే, క్రిమి చచ్చినా నరం గండం గడిచినట్టు కాదు. శరీరపు రక్షణ బలగం ఒక్కసారిగా విరుచుకుపడి, క్రిమి ఉన్న నరాన్నే వాచిపోయేలా చేస్తుంది. దీన్ని రియాక్షను అంటారు. మందులు వాడుతుండగా రావచ్చు, పూర్తయ్యాక కూడా రావచ్చు. అప్పుడు స్టెరాయిడ్ మందు ఆలస్యం లేకుండా మొదలుపెట్టాలి. పట్టు తప్పి ఆరు నెలలు దాటకముందే మొదలుపెడితే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. అందువల్ల ఏ నరం వాస్తోందో ముందుగా పసిగట్టడం ప్రాణం లాంటి విషయం.

ఈ పని మన తెలుగు గడ్డ మీదే జరిగింది. హైదరాబాదులో లెప్రా సంస్థకు చెందిన బ్లూ పీటర్ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడి రోగులను చూసిన డాక్టరు సుమన్ జైన్, నెదర్లాండ్స్ దేశపు నరాల వైద్యుడు లియో విస్సర్, కుష్ఠు పరిశోధనలో పేరుపొందిన శాస్త్రవేత్త ఇందిరా నాథ్ తదితరులు కలిసి 20 మంది రోగుల నరాలను, 30 మంది ఆరోగ్యవంతుల నరాలను స్కానింగు చేసి పోల్చారు. ఆ ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. రోగుల నరాలు స్పష్టంగా లావుగా ఉన్నాయి, తేనెపట్టు గీత చెదిరిపోయి ఉంది. చేత్తో తడిమి వేసిన అంచనాకూ, యంత్రం కొలతకూ పొంతన అంతంత మాత్రమే అని కూడా తేలింది. అనుభవం ఉన్న చేతులు సైతం కొన్ని నరాల దగ్గర పొరబడ్డాయన్న మాట.

ఇంకో ముఖ్యమైన సంగతి కూడా కనిపించింది. మామూలు నరం లోపల రక్తప్రవాహం ఈ స్కానింగుకు కనిపించనంత తక్కువ. రక్తం కదలికను రంగుల్లో చూపించే డాప్లర్ పద్ధతిలో చూసినప్పుడు, పరీక్షించిన 152 నరాల్లో 39 నరాల్లో రక్తప్రవాహం పెరిగి కనిపించింది. రియాక్షను వచ్చినవాళ్ళలో పలువురికి ఒకటికి మించి నరాల్లో అలా ఉంది. లోపల నిప్పు రాజుకుంటోందని బయటికి చెప్పే గుర్తు అది. పైగా చోటు కూడా సాక్ష్యం చెబుతుంది. నొక్కుడు వల్ల ఉబ్బిన నరం సొరంగం వాకిట ఉబ్బుతుంది. కుష్ఠులో అల్నార్ నరం సాధారణంగా మోచేతి ఎముకకు కొన్ని సెంటీమీటర్ల పైన, మీడియన్ నరం మణికట్టుకు కాస్త ఎగువన, ఎక్కువ పొడవునా లావెక్కుతుంది.

దెబ్బలకూ ఇది పనికివస్తుంది. చెరుకు కొట్టేటప్పుడు కత్తి తగిలి చెయ్యి తెగింది, చర్మానికి కుట్లు వేశారు, వేలు మాత్రం మొద్దుగానే ఉంది అనుకోండి. నరం నలిగిందా, పూర్తిగా తెగి రెండు కొసలూ విడిపోయాయా అన్నది చూడవచ్చు. తెగితే ఎంత త్వరగా కలిపితే అంత మంచిది.

అలాగని ఈ స్కానింగుకు లేని మహిమ అంటగట్టకూడదు. అది క్రిమిని చూపించదు. కుష్ఠు ఉందని తేల్చేది మచ్చ, స్పర్శ, నరం పరీక్ష, అవసరమైతే చర్మం నుంచి తీసిన నమూనా. మధుమేహం వల్ల రెండు పాదాలూ మొద్దుబారితే, దెబ్బతినేది ఎక్కువగా సన్నని కొస పోగులు. దానికి రక్తపరీక్ష, పాదాల పరీక్షే ముఖ్యం. బి12 విటమిను లోపమూ అంతే. ఎముకల చాటున, బాగా లోతున ఉన్న నరాలు శబ్దానికి అందవు. అన్నిటినీ మించి, చేసే మనిషికి అభ్యాసం కావాలి. కడుపు స్కానింగు చేసే ప్రతిచోటా నరం చూడగలరనుకోవద్దు. ఏ పరీక్ష కావాలో డాక్టరు నిర్ణయించాలి, మనంతట మనం చీటీ లేకుండా పోయి తీయించుకునేది కాదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ ఉండి అక్కడ స్పర్శ లేకపోతే, చెప్పు జారిపోయినా తెలియకపోతే, వేడి గిన్నె పట్టుకున్నా కాలినట్టు తెలియకపోతే, వేలు ముడుచుకుంటున్నా, పాదం పైకి లేవకపోయినా, మోచేతి దగ్గర నొప్పి వదలకపోయినా, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. అక్కడినుంచి పైకి పంపించే దారి ఉంది. తిరువళ్ళూరులో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. చెన్నై, వేలూరు, తిరుపతి మనకు బస్సు దూరంలోనే ఉన్నాయి. ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి పుత్తూరుకు బయలుదేరతాం, ఆలోచించం. చెయ్యి మొద్దుబారితే మాత్రం నెలలకు నెలలు దాచుకుంటాం. అలాగే వద్దు. మొద్దుబారిన చేతికి వేడి కాపడం కూడా పెట్టకండి. కాలినా తెలియదు, పుండవుతుంది.

నాతోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒక పిల్లవాడి చేతిరాత ఉన్నట్టుండి పాడైతే, కసిరే ముందు వాడి చెయ్యి ఒకసారి మీ చేతిలోకి తీసుకుని చూడండి. వేళ్ళన్నీ దగ్గరికి చేర్చమనండి. చిటికెన వేలు విడిగా నిలబడిపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు కబురు పంపండి.

మా పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. పవర్‌లూం మీద పనిచేస్తున్నాడు, ఇద్దరు బిడ్డలు. పోయిన ఆడికృత్తికకు తిరుత్తణి కొండ మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. ఆనాటి నా మాట గుర్తుచేసి, "తప్పు నాదిరా" అన్నాను. వాడు నవ్వి, "మీకేం తెలుసు సార్, నాకే తెలియదు" అన్నాడు. ఇప్పుడు నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఇంతసేపు విన్నారు కాబట్టి మీకూ తెలుసు. తెలిసిన తర్వాత దాచుకోవడానికి, ఆలస్యం చేయడానికి కారణం ఉండకూడదు.